ఆ అవార్డుకి ఓటేసిందెవరు?

అవార్డుల సీజన్ వచ్చిందంటే చాలు, అందరిదీ ఒకటే గొడవ. ఆ సినిమాకి రావాల్సింది, ఈ నటికి అన్యాయం జరిగింది, ఫలానా దర్శకుణ్ణి కనీసం నామినేట్ కూడా చెయ్యలేదు అంటూ వారాల తరబడి వాదించుకుంటాం. సినిమాల గురించి మాట్లాడతాం, నటన గురించి మాట్లాడతాం, ప్రచారానికి ఏ స్టూడియో ఎంత కుమ్మరించిందో కూడా మాట్లాడతాం. ఓటేసినవాళ్ల గురించి మాత్రం ఎందుకో పెద్దగా మాట్లాడం. వాళ్లెవరు, ఎక్కడ పెరిగారు, ఏ పని చేసుకుని బతికారు, వాళ్ల జీవితంలో ఏం చూశారు, ఏం చూడకుండానే ఇంతదాకా వచ్చేశారు? నన్నడిగితే చర్చ మొదలవ్వాల్సింది అక్కణ్ణుంచి.

2012లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆస్కార్ ఓటర్ల లెక్క తీసింది. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ, తన సభ్యుల పూర్తి జాబితాని బయటపెట్టదు కాబట్టి ఆ పత్రిక విలేకరులు ఒక్కొక్కరి గురించీ ఆరా తీసి లెక్క కట్టాల్సి వచ్చింది. మొత్తం 5,765 మంది ఓటర్లు. వాళ్లలో దాదాపు 94 శాతం తెల్లవాళ్లు, 77 శాతం మగవాళ్లు. నల్లజాతివాళ్లు సుమారు 2 శాతం, లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, అంతకన్నా తక్కువ. వయసు చూస్తే సగం మంది 62 ఏళ్లు, ఆపైన. యాభై ఏళ్ల లోపువాళ్లు 14 శాతమే. ప్రపంచమంతా "ఉత్తమ చిత్రం ఇదట" అని చెప్పుకునే మాట పుట్టింది ఈ గుంపులోంచి.

వాళ్లు చెడ్డవాళ్లని గానీ, సినిమా తెలియనివాళ్లని గానీ నేను అనడం లేదు. చాలామంది తమ పనిలో దిట్టలు, ఆ మాటకొస్తే అందుకే సభ్యత్వం ఇచ్చారు. నా అభ్యంతరం వేరు. ఓటర్లలో రకరకాల మనుషులు ఉండాలి అనగానే చాలామంది దాన్ని దయగా, పెద్దమనసుగా, వెనకబడినవాళ్లకి చూపించే మర్యాదగా తీసుకుంటారు. అలా తీసుకున్నప్పుడే వాదన సగం ఓడిపోతుంది. ఎందుకంటే ఇది ముందుగా తీర్పు సరిగ్గా చెప్పడానికి సంబంధించిన విషయం. సినిమా చూసేటప్పుడు మనం వాడేది కళ్లూ చెవులూ మాత్రమే కాదు, అప్పటిదాకా బతికిన బతుకంతా వాడతాం. ఆ బతుకులో లేనిది తెర మీద ఎంత బాగా కనిపించినా, అది బాగుందని గుర్తుపట్టడం చాలా కష్టం.

ఒక ఉదాహరణ చెప్తాను. మా నాన్న మంచాన పడ్డ రోజుల్లో ఆయన్ని పక్కకి తిప్పడం, ఒళ్లు తుడవడం, దుప్పటి మార్చడం నా పని. కదల్లేని మనిషిని తిప్పాలంటే చెయ్యి పట్టుకుని లాగితే లాభం లేదు. ముందు అవతలి మోకాలు మడిచి నిలబెట్టాలి, ఒక చెయ్యి అవతలి భుజం మీద, ఇంకో చెయ్యి తుంటి మీద వేసి, మన ఒంటి బరువు మెల్లగా వెనక్కి తీసుకుంటే మనిషి ఇటు తిరుగుతాడు. చాలా కాలం తర్వాత ఒక సినిమాలో ఒక నటి ఈ పనే చేస్తుంటే చూశాను. తిప్పేముందు ఆమె రెండు అరచేతులూ రుద్దుకుంది, చల్లటి చెయ్యి తగిలితే రోగి ఒళ్లు బిగుసుకుంటుంది కాబట్టి. తిప్పాక దిండు కింద అతని చెవి మడతపడిందేమో చూసి, వేలితో సరిచేసింది. ఒక్క మాట లేదు, సంగీతం లేదు. నా పక్కన కూర్చున్నవాళ్లు ఈ సీను కాస్త లాగ్ అయిందన్నారు. నాకైతే ఊపిరి ఆగినంత పనైంది. ఆ చెవి సంగతి రాసినవాళ్లకి తెలుసో, ఆ నటికే తెలుసో నాకు తెలియదు గానీ, ఎవరో ఒకరు ఆ పని నిజంగా చేసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. నా పక్కవాళ్ల తప్పేం లేదు. తెర మీద ఏం జరుగుతోందో వాళ్లకి కనపడలేదు, అంతే. ఇప్పుడు ఆ నటి పేరు ఓటర్ల ముందుకు వెళ్లిందనుకోండి. ఓటర్లలో రోగికి సేవ చేసినవాళ్లు ఒక్కరూ లేకపోతే ఆమె చేసింది నటనగా లెక్కలోకే రాదు. ఏడ్చి, అరిచి, వస్తువులు విసిరేసే నటన ముందు అది ఖాళీగా కనిపిస్తుంది.

దీనికి ఒక జవాబు ఉంది, అది బలమైనది కూడా. తెలియని జీవితాన్ని మనకి తెలిసేలా చెయ్యడమే కదా సినిమా గొప్పతనం, మంచి సినిమా అయితే ఎవరికైనా అర్థమవుతుంది, అర్థం కాకపోతే లోపం సినిమాదే అంటారు. సగం నిజమే. సినిమా అలా చెయ్యగలదు, నాకూ చాలాసార్లు చేసింది. కానీ దానికి ముందు ఆ సినిమా చూడాలి కదా. అర్హత సాధించే సినిమాలు ఏటా వందల్లో ఉంటాయి. ఓటరు ఇంట్లో కూర్చుని, అకాడమీ వాళ్ల స్ట్రీమింగ్ సైట్ తెరిచి, ఏ సినిమా మీద ముందు నొక్కుతాడు? తనకి తెలిసిన లోకం మీద, తనకి తెలిసిన పేర్ల మీద. పక్కన పెట్టిన సినిమాకి, అది ఎంత గొప్పదైనా, తన గొప్పతనం చూపించుకునే అవకాశమే రాదు.

2014లో "12 ఇయర్స్ ఎ స్లేవ్" ఉత్తమ చిత్రంగా గెలిచింది. ఆ తర్వాత ఇద్దరు ఓటర్లు ఆ సినిమా తాము చూడలేదని, మనసుకి కష్టంగా ఉంటుందని భయపడ్డామని, అయినా సామాజికంగా ముఖ్యమైన సినిమా కాబట్టి దానికే ఓటేశామని తనకి చెప్పినట్టు అదే లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసింది. ఇది చదివి కొందరు నవ్వుకున్నారు, కొందరు పోనీలే మంచి సినిమాకే వేశారుగా అన్నారు. నాకు మాత్రం ఆ ఓటు అవమానంలా అనిపించింది. ఒక దర్శకుడు అంత శ్రమపడి, బానిసగా బతికిన మనిషి జీవితంలో ఒక్కో రోజు ఎలా గడిచిందో చూపిస్తే, దాన్ని చూడకుండానే తల నిమిరి పంపించడం అది. చూడకుండా కాదన్నవాడికీ, చూడకుండా సరేనన్నవాడికీ నా దృష్టిలో తేడా లేదు. అలాంటి సినిమాకి కావాల్సింది జాలి ఓటు కాదు, చూసి తేల్చగలిగినవాళ్ల ఓటు.

ఇక లెక్కల సంగతికి వద్దాం, చాలామంది ఇది పట్టించుకోరు. ఆస్కార్ నామినేషన్లు చాలా విభాగాల్లో ఆ వృత్తివాళ్లే నిర్ణయిస్తారు. నటుల్ని నటులు, ఎడిటర్లని ఎడిటర్లు ఎంచుతారు. ఓటరు తన ఇష్టాల్ని ఒకటి, రెండు, మూడు అని వరసగా రాస్తాడు. ఐదు చోట్లున్న విభాగంలో నామినేషన్ దక్కాలంటే లెక్కింపు పూర్తయ్యేలోగా సుమారు ఆరో వంతు బ్యాలెట్లు పోగవ్వాలి, మొదటి స్థానం ఓట్లు మరీ తక్కువ వచ్చినవాళ్లు మొదట్లోనే తప్పుకోవాల్సి వస్తుంది. అంటే "బానే ఉంది" అనేవాళ్లు వేలమంది ఉన్నా పనికిరాదు, "ఈ ఏడాది నాకిదే" అని మొదటి గడిలో రాసేవాళ్లు గట్టిగా కావాలి. అలా రాయించేది ఎక్కువసార్లు దగ్గరితనమే. తన ఇంట్లో జరిగిందే తెర మీద అంత నిజంగా చూసినవాడు రాస్తాడు. ఆ ఇల్లు తెలిసినవాళ్లు ఓటర్లలో రెండు శాతమే ఉంటే ఆ సినిమా ఆరో వంతు దాకా ఎక్కడ పాకుతుంది? ఎవరూ కుట్ర చెయ్యక్కర్లేదు. అందరూ నిజాయితీగా ఓటేసినా ఫలితం అలాగే వస్తుంది.

చివరి రౌండులో ఉత్తమ చిత్రానికి వాడే పద్ధతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 2009లో మార్చిన ఈ పద్ధతిలో ఒక సినిమా యాభై శాతం దాటేదాకా, అట్టడుగున ఉన్న సినిమాని తీసేస్తూ ఆ ఓట్లని తర్వాతి ఇష్టానికి బదలాయిస్తూ పోతారు. ఇక్కడ రెండో స్థానం, మూడో స్థానం కూడా పనికొస్తాయి, ఎక్కువమందికి నచ్చి, తక్కువమందికి గిట్టని సినిమా గెలుస్తుంది. బాగుంది. కానీ ఓటేసినవాళ్లందరూ ఒకే మూసలో పెరిగినవాళ్లయితే "అందరికీ నచ్చింది" అనే మాటకి అర్థమేముంది? ఒకే రకం మనిషికి వేలసార్లు నచ్చిందని అర్థం. అదే ఓటర్లలో వేర్వేరు బతుకులు బతికినవాళ్లు ఉంటే, వాళ్లందరి కాగితాల మీద రెండో మూడో స్థానం సంపాదించడం చాలా పెద్ద పరీక్ష. ప్రతిభే ముఖ్యం, మిగతావన్నీ అనవసరం అనేవాళ్లు నిజానికి ఈ మార్పుని అందరికన్నా ముందు అడగాలి. పరీక్ష కఠినం అవుతోంది కదా.

ప్రతిభ అంటే గుర్తొచ్చింది. నాణ్యతకి కొలత ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఎవరో మనుషులు కూర్చుని పెట్టారు. గత శతాబ్దం మధ్యలో కోడక్ కంపెనీ ఫొటో ల్యాబులకి కార్డులు పంపేది, వాటి మీద ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో ఉండేది, షర్లీ కార్డులని పేరు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. నల్లటి మొహాలు ఆ ఫిల్ములో వివరం లేని మచ్చల్లా పడేవి, పక్కన తెల్లమొహం ఉంటే మరీ. చెక్క సామాన్లు, చాక్లెట్లు అమ్మే కంపెనీలు తమ సరుకు ఫొటోల్లో రంగు సరిగ్గా రావడం లేదని గోల చేశాక గానీ ఆ గోధుమ రంగుల సంగతి పట్టించుకోలేదని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. మనుషుల మొహాలు చెప్పలేని మాట బీరువాలు చెప్పాయన్నమాట. "మంచి ఫొటోగ్రఫీ" అని మనం అలవాటుగా అనేదాంట్లో ఇలాంటి చరిత్ర ఉంది. ఆస్కార్‌లో ఉత్తమ ఛాయాగ్రహణానికి ఒక మహిళ నామినేట్ కావడానికి 2018 దాకా పట్టింది, అది తొంభయ్యో వేడుక. అన్నేళ్లూ ఒక్క మహిళ కూడా బాగా తియ్యలేదని నమ్మాలా?

కాస్టింగ్ సంగతి కూడా అంతే. ఏ పాత్రకి ఎవరు సరిపోతారో వెతికి పట్టుకునే పని లేకుండా సినిమా లేదు, ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. అకాడమీలో వాళ్లకి సొంత బ్రాంచి, అంటే ఆ వృత్తివాళ్లకంటూ ఒక విభాగం, వచ్చింది 2013లో. అవార్డు పెట్టాలని నిర్ణయం జరిగింది 2024లో, మొదటిసారి ఇచ్చింది 2026 వేడుకలో. స్టంట్లకైతే 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి. దశాబ్దాల తరబడి మనుషులు అద్దాల్లోంచి దూకారు, మంటల్లో పరిగెత్తారు, అందులో కళ ఉందని ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది. ఒక పని ఎంత కష్టమో తెలిసినవాళ్లు లోపలికి వచ్చి కూర్చుంటే తప్ప ఆ పనికి పేరు రాదు.

మార్చడం కుదురుతుందా అంటే, కుదిరింది. 2015లో, 2016లో వరసగా రెండేళ్లు నటనకి నామినేట్ అయిన ఇరవై మందీ తెల్లవాళ్లే కావడంతో పెద్ద దుమారం లేచింది. 2016 జనవరిలో అకాడమీ, 2020 కల్లా మహిళా సభ్యుల్ని, ఇతర జాతుల సభ్యుల్ని రెట్టింపు చేస్తామని ప్రకటించింది. ఆ ఏడాది 683 మందిని పిలిచారు, 2018లో 928 మందిని, వాళ్లలో బయటి దేశాలవాళ్లు చాలామంది. 2020లో "పారసైట్" ఉత్తమ చిత్రంగా గెలిచింది, ఇంగ్లిష్ కాని భాష సినిమాకి ఆ అవార్డు రావడం అదే మొదలు. ఒకదానివల్లే ఇంకోటి జరిగిందని గట్టిగా చెప్పలేం గానీ, పాత జాబితాతో అది జరిగేదని నేను నమ్మను.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ బ్రిటన్‌ది. అక్కడి పెద్ద సినిమా అవార్డులైన బాఫ్టాల్లో 2020లో నటనకి నామినేట్ అయిన ఇరవై మందీ తెల్లవాళ్లు, దర్శకుల్లో ఒక్క మహిళ లేదు. బాఫ్టా వాళ్లు ఊరికే క్షమాపణ చెప్పి ఊరుకోలేదు. నెలల తరబడి పద్ధతులన్నీ తిరగేసి 120కి పైగా మార్పులు చేశారు. సభ్యత్వం పెంచడం ఒకటి. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: మొదటి రౌండు ఓటింగుకి ముందు ప్రతి ఓటరుకీ పదిహేను సినిమాలు కేటాయించి, ఇవి చూసి తీరాలన్నారు. మరుసటి ఏడాది నటన విభాగాల్లో 24 మంది నామినీల్లో 16 మంది మైనారిటీ జాతులవాళ్లు, ఆరుగురు దర్శకుల్లో నలుగురు మహిళలు. ఒక్క ఏడాదిలో దేశంలో ప్రతిభ పుట్టుకొచ్చిందా? అది అంతకుముందూ ఉంది. ఆస్కార్ అకాడమీ కూడా ఎట్టకేలకు 2025లో ఆ దారికొచ్చింది, చివరి రౌండులో ఒక విభాగంలో ఓటెయ్యాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలని నియమం పెట్టింది. అన్నేళ్లు ఆ నియమం లేకుండా ఎలా నడిచిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒక అపార్థం మాత్రం ఉండకూడదు. నల్లజాతి ఓటరు నల్లవాళ్ల సినిమాకే వెయ్యాలని, ఆడవాళ్లు ఆడవాళ్లకే వెయ్యాలని నేను అనడం లేదు. అలా అనుకోవడం వాళ్లని అవమానించడమే. పైగా తమ జీవితాన్ని తప్పుగా చూపించిన సినిమాని ముందు పట్టుకునేది వాళ్లే. చెవిటి మనిషి పాత్రని వినికిడి ఉన్న నటుడు చేస్తే, సైగల భాష రానివాళ్లకి ఆ చేతుల కదలికలో అందం కనిపిస్తుంది, అది మాతృభాషగా ఉన్నవాళ్లకి తడబాటు, యాస, తప్పు ఉచ్చారణ లాంటివి ఠక్కున కనిపిస్తాయి. 1987లో మార్లీ మాట్లిన్ గెలిచాక మరో చెవిటి నటుడికి ఆస్కార్ రావడానికి 2022 దాకా పట్టింది, అప్పుడు ట్రాయ్ కాట్సర్ గెలిచాడు. ఈ మధ్యలో వైకల్యం ఉన్న పాత్రలు చేసి, ఆ వైకల్యం లేని నటులు ఎన్నో అవార్డులు పట్టుకెళ్లారు. వాళ్లు బాగా చేశారని తీర్పు చెప్పినవాళ్లలో ఆ వైకల్యంతో బతికినవాళ్లు ఎంతమంది?

అంకెలు సరిచేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు, హాలీవుడ్‌లో ఇచ్చే ఇంకో అవార్డులు, గోల్డెన్ గ్లోబ్స్ చూడండి. అప్పట్లో ఆ అవార్డులిచ్చిన విదేశీ విలేకరుల సంఘంలో 87 మంది ఉండేవారు, రకరకాల దేశాలవాళ్లు. పాస్‌పోర్టుల ప్రకారం చూస్తే ఇంతకన్నా వైవిధ్యం ఏముంటుంది? కానీ వాళ్లలో నల్లజాతి మనిషి ఒక్కరు కూడా లేరని 2021లో బయటపడింది. ఆ ఏడాదే "మినారి" అనే సినిమాని, తీసింది అమెరికన్ దర్శకుడు, కథ జరిగేది అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రంలో, అయినా మాటలు ఎక్కువగా కొరియన్‌లో ఉన్నాయని విదేశీ భాషా చిత్రాల వరసలోకి నెట్టారు. వలస వచ్చిన ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష మాట్లాడుతూ పెరిగినవాళ్లు ఆ నియమాలు రాసే చోట గట్టిగా ఉంటే ఆ పని చేసేవారా? ఆ తర్వాత ఎన్‌బీసీ టీవీ చానల్ 2022 వేడుకని ప్రసారం చెయ్యనంది, 2023లో ఆ సంఘమే మూతపడింది.

అందుకే జాతి, లింగం, దేశం అనే మూడు గడులు నింపి అయిపోయిందనుకుంటే నాకు తృప్తి లేదు. అవి తప్పకుండా కావాలి, వాటిని తక్కువ చెయ్యను. కానీ మూడు ఖండాల నుంచి వచ్చిన ముగ్గురు, ముగ్గురూ డబ్బున్న ఇళ్లలో పుట్టి, అవే ఖరీదైన ఫిల్మ్ స్కూళ్లలో చదివి, అవే ఫెస్టివల్స్‌లో ఒకరికొకరు పరిచయమైతే, వాళ్లు మోసుకొచ్చే అనుభవం మనం అనుకున్నంత వేరుగా ఉండదు. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు, రాత్రి షిఫ్టులు చేసినవాళ్లు, జైల్లో ఉన్నవాళ్లని కలవడానికి క్యూలో నిలబడ్డవాళ్లు ఓటర్లలో ఎంతమంది ఉన్నారని ఎవరూ లెక్కపెట్టరు. అకాడమీలో చేరాలంటే ఆస్కార్ నామినేషన్ ఉండాలి, లేకపోతే ఆ బ్రాంచిలోనే ఇద్దరు సభ్యులు సిఫారసు చెయ్యాలి. సిఫారసు అనేసరికి పరిచయాలు వచ్చేస్తాయి, పరిచయాలున్నచోట పరిచయస్తుల్లాంటివాళ్లే వస్తారు. వయసు విషయంలోనూ ఇదే చెప్తాను. 2016లో చాలాకాలంగా పనిచెయ్యని సభ్యుల ఓటు హక్కు తీసేసే నియమం పెట్టినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, నాకు నచ్చలేదు. నలభై దాటాక పాత్రలే రాని నటీమణులు పనిచెయ్యకపోవడానికి కారణం వాళ్లా? ముసలితనం కూడా ఒక అనుభవమే, దాన్ని గెంటేసి వైవిధ్యం తెస్తామంటే ఎలా?

ఇదంతా ఇంత పట్టుకుని ఎందుకు మాట్లాడాలి, అవార్డులేగా అనేవాళ్లుంటారు. కానీ అవార్డు బొమ్మ చేతికొచ్చిన మర్నాటి నుంచి నిర్మాతలు ఫోన్ ఎత్తుతారు. ఎవరి తర్వాతి కథకి డబ్బు దొరుకుతుందో, ఎవరిది సొరుగులో ఉండిపోతుందో అక్కడ చాలావరకు తేలిపోతుంది. ఓటర్లకి కనపడని సినిమా తీసిన మనిషికి రెండో సినిమా దొరకడం కష్టం.

అవార్డులిచ్చే ప్రతి సంస్థా, ముగ్గురు జ్యూరీతో నడిచే చిన్న ఫెస్టివల్ అయినా సరే, సినిమాల్ని ఓటరు ఇష్టానికి వదలకుండా కొన్నింటిని చీటీ తీసినట్టు కేటాయించాలి. సిఫారసు లేనివాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకునే దారి ఉండాలి. ఏటా సభ్యుల వివరాలు ప్రకటించేటప్పుడు, పేర్లు లేకపోయినా ఫర్వాలేదు, వాళ్లు పెరిగిన ఇంట్లో అమ్మానాన్నలు ఏం పని చేసేవారో ఆ లెక్క కూడా ప్రకటించాలి. దానికి కమిటీలు, నివేదికలు అక్కర్లేదు, సభ్యత్వం ఫారంలో ఒక్క గడి పెంచితే చాలు.